కాంతమణి సేమియా

కాంతమణిని చంపింది డోరా, ఇందులో తేలాల్సిందేమీ లేదు, డోరా నా మరదలు, కాంతమణికి చెల్లెలు, రెండో కాన్పులో బీపీ ఎక్కి ఫిట్స్ వచ్చినప్పుడు ఇంకో కాన్పంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది, మాత్రలు ఈ బీపీకి పడవంది, నిరోధ్‌ను అంతగా నమ్మడానికి లేదంది, పోనీ మీరు చేయించుకోండి, చిన్న ఆపరేషను అని నాకేసి చూసింది, నేను వర్క్‌షాపులో బరువులెత్తేవాణ్ణి, కుదరదన్నాను, అప్పుడు ఈ డోరానే, కాపర్‌టీ ఉందిగా బావా, మా టీచర్లు ఎంతమంది పెట్టించుకోలేదు, అని అక్కను వెంటబెట్టుకెళ్లింది, రెండేళ్లకు కాంతమణికి నెల తప్పింది, ఏడో నెలలో మళ్లీ ఫిట్స్, మనిషీ లేదు, బిడ్డా లేదు, కాపర్‌టీ పని చెయ్యలేదు, దాన్ని తెచ్చినది డోరా, అంతే.

ఇరవై ఏళ్లుగా, ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల పరిచి రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకు నేను గుడి నుంచి లేచి బయటికి పోతాను, మనసులో పగ పెట్టుకుని రొట్టె ముట్టకూడదు, నేను పగ విడవను, కనుక ముట్టను, మా పాస్టరు యెషయా అయ్యగారు మారేడ్‌పల్లి నుంచి మల్కాజ్‌గిరి దాకా స్కూటరేసుకొచ్చి మరదలితో సమాధానపడవయ్యా అన్నాడు, టీ ఇచ్చి పంపాను.

ఇప్పుడు ఇదే డోరా నా చిన్న కూతురు ఆలిస్‌తో పరదా వెనక డాక్టరు గదిలో కూర్చుంది, నేను వరండాలో బల్ల మీద, ఒళ్లో ఆలిస్ బిడ్డ, ఆలిస్‌కూ తల్లి బీపీనే వచ్చింది, తల్లి నుదురూ తల్లి మొండితనమూ వచ్చినట్టే, ఆయా పుష్పమ్మ తడిగుడ్డతో నా కాళ్ల దాకా వచ్చి, ఏందీ పెద్దాయనా, గిట్ల తొవ్వల కూసున్నవ్, జెర కాళ్లు లేపు, అంది, లేపాను, లోపల నీ బిడ్డ గా రాగితీగంటే బాంబు లెక్క బెదురుతుంది, ఎవరు నూరిపోసిన్రో ఏమో, అని నవ్వింది, నేను నవ్వలేదు, నూరిపోసింది నేనే, పెళ్లికి ముందు ఆలిస్‌ను కూర్చోబెట్టి మీ అమ్మ దాన్ని నమ్మి పోయింది, నువ్వు నమ్మకు అని చెప్పాను, తండ్రి చెప్పాల్సిన మాటే చెప్పాను, లోపల ఆలిస్ అదే అంటోంది, వద్దు డాక్టర్, మా అమ్మకు అది ఫెయిలైంది, ఏదీ వద్దు, మేమే జాగ్రత్తగా ఉంటాం, డాక్టరు విసుగ్గా, ఇంకోసారి గర్భం వస్తే నీకు డేంజరమ్మా, ఈ బీపీతో మాత్రలు ఇవ్వలేను, జాగ్రత్తంటే ఏం జాగ్రత్త, అంది, బిడ్డ నా వేలు పట్టుకుంది, వదలదు, అప్పుడు డోరా గొంతు, గొంతు కాదు, ఏడుపు, ఫెయిలవలేదమ్మా, మీ అమ్మే తీయించేసుకుంది.

వరండా అంతా ఫినాయిలు వాసన, పుష్పమ్మ బకెట్టు ఈడ్చుకుపోతోంది, డోరా ఇంకా చెబుతోంది, నాలుగో నెలలో నాతో చెప్పింది, ఇంకొక్క బిడ్డ కావాలే డోరా, ఆయనకు తెలిస్తే ఒప్పుకోరు అంది, బావకు చెప్పనని బైబిలు మీద ఒట్టు వేయించుకుంది, కాన్పయ్యాక నేనే చెప్తానులే అంది, పోయింది, ఇక ఎలా చెప్పను, చెబితే మీ నాన్న అక్కను తిట్టుకుంటాడు, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకున్నా. అబద్ధం, అనుకున్నాను, తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఇన్నాళ్లకు అల్లింది, అనుకుంటూ ఉండగానే సేమియా వాసన వచ్చింది, ఆస్పత్రిలో ఎక్కడి సేమియా, ఆ రోజుది, ఆమె నెల తప్పడానికి కొన్నాళ్ల ముందు, పండగ కాదు, ఎవరి పుట్టినరోజూ కాదు, కాంతమణి కాపర్‌టీ ఒకసారి చూపించుకొస్తానని ఒక్కతే బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లొచ్చింది, స్టవ్ దగ్గర కీర్తన పాడుకుంటూ సేమియా వండింది, ఏంటి విశేషం అంటే ఏం లేదండీ, ఊరికే, అంది, గిన్నె అందిస్తూ నవ్వింది, నేను తిన్నాను, ఇంకాస్త వెయ్యి అన్నాను, వేసింది.

పరదా జరిగింది, ఆలిస్ వచ్చి నాన్నా, పిన్ని చెప్పింది నిజమేనా, అంది, తల్లి నుదురు, తల్లి కళ్లు, నేను అబద్ధం అంటే ఈ పిల్ల ఇలాగే ఇంటికొచ్చేస్తుంది, నిజం అంటే కాంతమణి నన్ను దాటుకుని, నాకు చెప్పకుండా, పాట పాడుకుంటూ చావుకెళ్లింది, నిజమే, పెట్టించుకో, అన్నాను. ఆలిస్ లోపలికి పోయింది, డోరా గుమ్మంలోనే నిలబడి బావా, ఈ ఆదివారం బల్లకు వస్తారా, అంది, నేను బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి లేచాను, ఇరవై ఏళ్లు డోరాను పట్టుకుని వేలాడింది ఇందుకే, డోరాను వదిలితే ఆ కోపం కాంతమణి మీదికి పోతుంది, పోయింది, చచ్చినదానితో ఏ అయ్యగారు సమాధానం కుదురుస్తాడు, ఆదివారం రాను, ఏ ఆదివారమూ రాను, నిజమే అన్న ఆ ఒక్క మాటే ఆఖరు, ఇక దీని గురించి ఎవరితోనూ మాట్లాడను.