మేం చేసిన సాసు

నూడుల్స్ ఉడికాక సోయా సాసు సీసా బోర్లిస్తే ఒక్క చుక్క జారింది. అదీ మొహమాటానికి వచ్చినట్టే ఉంది. ముందు గదిలో, భోజనానికి పిలిచిన భర్త పెద్దమ్మ కూతురు కూర్చుని ఉంది. సొంత హోటలు నడుపుతుంది కాబట్టి చుట్టాలందరికీ ఆవిడ హోటలక్క.

“కొట్టు మూసేశాడు. సీసాలో నీళ్ళు పోసి గిలకరించెయ్, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు భర్త, వంటింటి గుమ్మం దాటకుండానే.

ఆమె మూకుట్లో చక్కెర పోసింది. అది కరిగి, తేనె రంగు దాటి, కాఫీ రంగు దాటి, ఇంకొక్క క్షణమైతే బొగ్గయ్యే చోట పుట్టగొడుగులు నానిన వేడినీళ్ళు పోసింది. ఆపైన ఉప్పు, వెనిగరు, దంచిన వెల్లుల్లి. చుయ్యిమన్న ఆ చప్పుడుకి మూడు వీధుల అవతల కునుకు తీస్తున్న కుక్క లేచి, ఒళ్ళు దులుపుకుని, వేళకే వచ్చానా అన్నట్టు వాకిట్లో కూర్చుంది.

“చక్కెర తగలేసినట్టుందిరా మీ ఆవిడ” అంది అత్తగారు.

హోటలక్క రెండోసారి వడ్డించుకుంది. “ఏ కంపెనీ సాసురా ఇది?”

“కంపెనీ ఏంటక్కా, మేమే చేశాం” అన్నాడు భర్త.

మేం. అన్నం అడుగంటితే ‘నువ్వు’, పాలు పొంగిపోతే ‘నువ్వు’. మెచ్చుకునేవాళ్ళు రాగానే ఆ నువ్వు ఎటో పోయి, ‘మేం’ వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. ఈ ఆరేళ్ళలో ఆ మేం ఎన్ని కూరలు వండిందో, ఎన్ని దుప్పట్లు ఉతికిందో. దాని చేతులు మాత్రం ఒక్కనాడూ తడవలేదు.

“అయితే ఈ నలుపెలా వచ్చిందో చెప్పు తమ్ముడూ.”

“అదీ... బాగా మరిగించాం.”

“మిరియాలు వేశాంలే” అని అందుకుంది అత్తగారు.

“మిరియాలకి ఇంత నలుపొస్తే నా జుట్టుకి రాసుకుందును పిన్నీ” అంది హోటలక్క.

భర్త ఆమె వైపు చూశాడు. అతనికి మాట తట్టనప్పుడల్లా అందించడం ఆమెకు అలవాటే, స్నానాల గదిలోకి తువ్వాలు అందించినట్టు. ఈసారి అందించలేదు.

“నేను చేశాను వదినా. చక్కెర మాడ్చాను. ఎక్కడ ఆపాలో ముక్కుకి తెలుస్తుంది.”

“ఆ ముక్కు కోసమే ముగ్గురు వంటవాళ్ళని మార్చాను మరదలా. నా వంటగది చూసుకుంటావా? వాళ్ళ జీతమే నీకూ.”

“ఆలోచించుకుని చెప్తాంలే అక్కా” అన్నాడు భర్త.

ఆమె వాళ్ళ పక్కనే కూర్చుని, ఆ ఇంట్లో మొదటిసారి వేడిగా ఉండగానే తన పళ్ళెంలో వడ్డించుకుంది.

“ఆయన ఆలోచించుకుని చెప్తారు వదినా. నేను రేపు పొద్దున్నే వస్తాను.”