చెక్క స్కేలుకి అటూ ఇటూ

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండి. తుమ్ములూ దగ్గులూ ఏమన్నా ఉంటే ఇప్పుడే కానిచ్చేయండి. మన మెకానిక్కు చెయ్యి వణుకు బయటపడ్డ రోజు కథ ఇది. నాలుగు మాటలు ఎక్కువ చెబుతానేమో గానీ, ఒక్కటి కూడా తక్కువ చెప్పను.

మెకానిక్కంటే అల్లాటప్పా మనిషి కాదు. పాత డబ్బా టీవీలూ మానిటర్లూ ఆయన్ని చూస్తేనే సగం బాగయ్యేవి. వయసులో ఉండగా ఓసారి పిక్చర్ ట్యూబు షాకు కొడితే, ఎగిరి పక్కకొట్లో టైలరు మిషను మీద పడ్డాడు. లేచేలోగా టైలరు ఆయన చొక్కాకి కొత్త కాలరు కుట్టేశాడు.

అలాంటి మనిషికి మూడు నెలలుగా కుడిచెయ్యి వణుకుతోంది. భార్యకి తెలియనివ్వలేదు. తెలిస్తే కొట్టు మూసెయ్యమంటుందని భయం. కొట్టు మూస్తే తనింక దేనికి పనికొస్తాడో ఆయనకే తెలీదు.

ఆ మధ్యాహ్నం ఫొటో స్టూడియో ఆయన పాత మానిటరొకటి దింపి, సాయంత్రానికి కావాలని వెళ్ళిపోయాడు. మెకానిక్కు వెనకమూత విప్పి కూర్చున్నాడు. ప్లగ్గు పీకేసినా ట్యూబు పొట్టలో వేల వోల్టులు దాక్కునుంటాయి. ముందు వాటిని వదిలించాలి. ట్యూబు నెత్తిన ఉన్న రబ్బరు మూత కిందికి స్క్రూడ్రైవరు మొన మెల్లగా తోయాలి. వణికే చేత్తో తోస్తే ట్యూబూ పోవచ్చు, మనిషీ పోవచ్చు.

సరిగ్గా అప్పుడే భార్య అన్నం క్యారియరుతో వచ్చింది. ఓ క్షణం చూసింది.

"జరగండి, నేను చేస్తా."

"నువ్వా? ఇదేమన్నా దుప్పటి మడతపెట్టడమా?"

"మూడు నెలల్నించి టీ సగం సాసర్లోనే తాగుతున్నారు. నాకు కళ్ళు లేవనుకున్నారా?"

ఆయన కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పౌరుషం మాత్రం చావలేదు.

"సరే, ఈ పెట్టెలోంచి సరైన సామాను తియ్యి. తప్పు తీశావో, ఇవాళే షట్టరు దింపేస్తా."

ఇన్నేళ్ళూ క్యారియరు తెచ్చి పక్కనే కూర్చుని చూసిన ఆవిడ, ముందు టెస్టరు పక్కన పెట్టేసింది. "ఇది గోడ ప్లగ్గుకి. ఇక్కడ పెడితే మన వేళ్ళమీదికే దూకుతుంది."

తర్వాత ఎర్రపిడి స్క్రూడ్రైవరు. పెళ్ళయిన కొత్తలో తనే కొనిచ్చింది.

"అదే వదినా, అదే! ఎలా మెరుస్తోందో చూడు!" గుమ్మంలోంచి టైలరు తల పెట్టాడు.

ఆవిడ పిడి మీద గోరు పెట్టి లాగింది. ఓ చోట గోరు ఆగింది.

"చీలింది. కరెంటు ఇందులోంచి చేతికి దూకుతుంది. ఇన్నాళ్ళూ పారెయ్యలేదేం?"

"నువ్విచ్చావు కదా," అన్నాడు నేల చూస్తూ.

ఆవిడ దాన్ని తుడిచి, జాగ్రత్తగా క్యారియరు పక్కన పెట్టుకుంది. ఆఖరికి లావు నల్లపిడి ఉన్న పొడుగాటి కురూపిదాన్ని తీసింది. రెండు కొసలా క్లిప్పులున్న వైరొకటి ఏరింది. ఒక క్లిప్పు ట్యూబు వీపున ఉన్న బోసి ఎర్తు తీగకి, రెండోది స్క్రూడ్రైవరు కడ్డీకి తగిలించి, రెండూ గట్టిగా లాగి చూసింది.

ఉంగరం, గాజులు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అవి గలగలమన్నాయి. అంటూనే ఉన్నాయి. మెకానిక్కు వాటిని జేబులో వేసుకున్నాడు.

"ఎడం చెయ్యి వీపు వెనక్కి," అన్నాడు మెల్లగా. "రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలోంచి దారి చేసుకుంటుంది."

వెనక్కొచ్చిన ఆ చేతిని పట్టుకోబోయాడు.

"ముట్టుకోకండి! పోతే ఇద్దరం పోతాం."

ఆయన అటూ ఇటూ వెతికి, ఎండిన చెక్క స్కేలు తీసి ఒక కొస ఆవిడ గుప్పిట్లో పెట్టాడు. రెండో కొస తను పట్టుకున్నాడు. ఆవిడ స్క్రూడ్రైవరు మొన రబ్బరు మూత కిందికి తోసింది.

టప్!

ఆ చప్పుడికి నాలుగు వీధుల గడియారాలు ఐదు నిమిషాలు ముందుకు దూకాయి. అప్పట్నించే అవి సరైన టైము చూపిస్తున్నాయి.

"అయిందా?"

"లేదు. పది నిమిషాలాగి మళ్ళీ పెట్టాలి. ఇది కొంచెం దాచుకుంటుంది."

"మీ జాతే. మీరింకేం దాచారు?"

"కొట్టు మూయిస్తావని భయమేసింది," అన్నాడు.

"మూస్తే రోజంతా ఇంట్లో మిమ్మల్ని ఎవరు భరిస్తారు? రేపట్నించి చేతులు నావి, బుర్ర మీది. అరుపులు కూడా నావే."

రెండోసారి చిన్నగా టిక్కుమంది. పని అయిపోయింది. స్కేలు మాత్రం ఇద్దరిలో ఒక్కరూ వదల్లేదు.

అప్పటికే టైలరు తన మిషనెక్కి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అక్కణ్ణించే కేకేశాడు:

"వదినా, మన రెండు కొట్లకీ గోడ ఒకటే కదా! మీ ఇద్దరి కరెంటుతో నా మిషను ఇవాళ తొక్కకుండానే తిరుగుతుందేమో చూస్తా, మీరు మాత్రం ఆ స్కేలు వదలకండి!"