తార చెంప మీద రెండో దీపం

కేశవరావు కౌంటర్ అద్దం తుడుస్తూండగా రాగిణి వచ్చింది. కాపెల్ అనే ఈ పరాయిదేశపు ఊళ్లోని కెమెరా షాపులో ఆయన తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. పొట్టి మనిషి. తెనాలిలో స్టూడియో నడిపినన్నాళ్లూ బరువు కెమెరా మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. చెల్లెలు స్పాన్సర్ చేస్తే భార్యతో ఈ దేశం వచ్చాడు. భార్య పోయాక అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉంటున్నాడు.

రాగిణి కెమెరా తెర మీద కూతురు తార అరంగేట్రం ఫోటోలు చూపించింది. వేదిక మీది దీపం ఒకటి ఆకుపచ్చ నీడలా తలకిందులై అమ్మాయి చెంప మీద పడింది. దీపాలున్న ప్రతి ఫోటోలోనూ అంతే. లెన్స్ పాడైందేమోనని ఆమె భయం.

ఆయన లెన్స్ ముందు బిగించిన ఫిల్టర్ అద్దం విప్పి, ఫోన్ టార్చ్ వెలిగించి ఫోటో తీశాడు. మరక లేదు. మళ్లీ బిగించి తీస్తే ఉంది. అరలోంచి, వెలుగు తిరిగి కొట్టకుండా పూత పూసిన కోటింగ్ ఫిల్టర్ తీసి బిగించాడు. ఈసారి మరక వెతికితే తప్ప కనిపించలేదు.

ఆ చవక ఫిల్టర్ అమ్మింది ఆయనే. కోటింగ్ అనేది వట్టి అమ్మకపు మాట అని, ఏదైనా అద్దమేనని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. స్టూడియోలో లైట్లు ఎప్పుడూ తన వెనకే ఉండేవి. ఎదురుగా దీపం పెట్టుకుని ఫోటో తీసే అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు.

"లెన్స్ బానే ఉందమ్మా. మంచి ఫిల్టర్ వద్దని చెప్పింది నేనే. తప్పు నాది."

"అరంగేట్రం మళ్లీ రాదు కదా అంకుల్," అంది రాగిణి. గొంతులో కోపం లేదు.

సాయంత్రం మీ ఇంటికొచ్చి మళ్లీ తీయనా అని ఆయన అడిగాడు. ఆమె కొంచెం తటపటాయించి అడ్రస్ చెప్పింది.

షాపు కట్టేసి, కోటింగ్ ఉన్న ఫిల్టర్ తనే కొనుక్కుని వెళ్లాడు. తార మళ్లీ నగలు పెట్టుకుంది. హాల్లో కర్టెన్లు వేసి ప్రమిదలు వెలిగించారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని తీస్తూనే ఉన్నాడు.

"ఇంకా ఎన్ని ఫోటోస్, అంకుల్?" అంది తార విసుగ్గా.

"ఒక్కటే తల్లీ. ఈసారి దీపం వైపు చూడు."

చెంప మీద మచ్చ లేదు. కళ్లలో మాత్రం వెలుగు నిలిచింది. తార తెర మీదికి వంగి చాలాసేపు చూసుకుంది. "స్టేజ్ మీద కన్నా ఇదే బావుంది," అంది.

కేశవరావు ఛాతీ రుద్దుకుంటూ సోఫాలో కూర్చుని మంచినీళ్లు అడిగాడు. రాగిణి గ్లాసు తెచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. అంబులెన్స్ వాళ్లు చేయగలిగిందంతా చేశారు. ఆస్పత్రి చేరకముందే ప్రాణం పోయింది. ఆయన చెల్లెలికి రాగిణే ఫోన్ చేసి చెప్పింది.

తెల్లవారి రాగిణి వీధి తలుపు తీస్తే, ఇంట్లోవాళ్ల చెప్పుల వరస చివర ఆయన నల్ల బూట్లు కనిపించాయి. మడమలు ఒకవైపే అరిగి, లేసులు లోపలికి దోపి, వెళ్లేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా వీధి వైపు తిప్పి ఉన్నాయి.