వంకర రొట్టె

"మళ్ళ వంకరనే! అచ్చం మా నాయినమ్మ లెక్క తయారైనవ్ పో," అన్నాడు నర్సింగ్, నా జొన్నరొట్టెను ఎత్తి అందరికీ చూపిస్తూ. పక్కన తింటున్న ముగ్గురు సైట్ మనుషులు నవ్వారు. నర్సింగ్ నా పెనిమిటి, వీళ్ళ ఫోర్‌మన్. గల్ఫ్ పని మీద ఈ సలాలా వచ్చిననాటి నుంచీ వీళ్ళందరికీ రెండు పూటలా రొట్టెలు కొట్టేది నేనే. దాన్ని డ్యూటీ అని ఎవడూ అనడు. "ఇంట్లనే ఉంటవ్ గద సంధ్యా!" అంటాడు నర్సింగ్.

అక్కడ మా ఊళ్ళో సాయుధ పోరాట స్తూపం కడుతున్నారు. దళంలో తిరిగిన నర్సింగ్ తాత ఇస్తారి పేరు దాని మీద చెక్కుతారట. తాత ఏమేం చేశాడో నాయినమ్మను అడిగి కమిటీకి చెప్పే పని కూడా నా నెత్తినే పడింది.

బయట ముసురు. వంటింట్లోంచే వీడియో కాల్ చేశాను. నాయినమ్మ రాములవ్వకు తొంభై దాటాయి.

"అవ్వా, పోరాటంల తాత ఏం జేసిండే?"

"గుట్టల మీద ఉన్నడు బిడ్డా. తెల్లారంగ నా ఇసుర్రాయి సప్పుడైతే తొవ్వ మంచిగున్నట్టు. దళం దిగి బువ్వకొచ్చేది. సప్పుడు లేకుంటే రాకపోయేది. ఒకనాడు చీకటితోనే రజాకార్లొచ్చి వాకిట్ల కూసున్నరు. పిండి ఇసిరి రొట్టెలు చెయ్యమన్నరు."

విసిరితే దళం దిగొస్తుంది, చస్తుంది. విసరనంటే ఈమెను చంపుతారు.

"మరేం జేసినవవ్వా?"

"పైరాయి లేపి ఏళ్ళ మీద ఏసుకున్న."

కుడిచెయ్యి ఫోన్ ముందు పెట్టింది. వంకరపోయిన మూడు వేళ్ళు. రొట్టె గుండ్రంగా చెయ్యరాదని ఇంటిల్లిపాదీ వెక్కిరించిన వేళ్ళు! అప్పటికి పద్నాలుగేళ్ళ పిల్ల. తుపాకి లేదు, పక్కన మనిషి లేదు. నాకు నిలబడబుద్ధి కాలేదు, ఆ చేతి ముందు నేల మీద కూర్చున్నాను.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే?"

"అందరు తాత గురించే అడిగిన్రు."

కమిటీకి వాయిస్ మెసేజ్ పెట్టాను: "మా ఇంటి నుంచి రాములవ్వ పేరు పైన చెక్కుండ్రి. ఇస్తారి పేరు కింద. ఆమె రాయి ఆపబట్టే ఆయన బతికిండు."

నర్సింగ్ విన్నాడు. "పిచ్చి లేసిందా? పిండి ఇసిరినామెకు స్తూపమా? ముందు రొట్టె తే!"

ఒక్క పూట రొట్టె చెయ్యకుండా ఉండటానికి అవ్వ మూడు వేళ్ళు ఇచ్చుకుంది. నేను స్టవ్ ఆర్పితే చాలు.

ఆర్పాను.