ఇంజన్ నంబరు ఎవరూ చూడలేదు

మా ఆయన మాలిక్ చనిపోయాడంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఎవరైనా ఆ మాటంటే నోరు మూయించేదాన్ని. కిరాయి వచ్చిందని కనిగిరి వైపు తన అంబాసిడర్ తోలుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు, అంతే. బండీ రాలేదు. అక్కడ ఇంకొకత్తెను పెట్టుకున్నాడని మా అత్తగారి తరపువాళ్ళే చెవులు కొరుక్కున్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మితే మనిషి బతికి ఉన్నట్టేగా! దొరికిన రోజున నడిబజార్లో చెప్పు తీసుకుని కొట్టాలనే ఇరవై ఏళ్ళుగా మెడలో నల్లపూసలు తియ్యలేదు.

మనిషిని వెతకడం నా వల్ల కాలేదు. బండిని వెతికాను. చిలకలూరిపేటలో పర్చూరు రోడ్డు మీద మా తమ్ముడు అష్రఫ్‌కి మెకానిక్ షెడ్డు ఉంది. నేనుండేది ఆ షెడ్డు వెనక గదిలోనే. పాత అంబాసిడర్ ఏది వచ్చినా సరే, ఓనరు టీ తాగేలోపల అష్రఫ్ చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాడు, బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి చూపించడానికి తీసినట్టు. కాగితం మీద అంకెలు తేలేవి. మా బండివి కావు. నేను కొంగుతో చేతులు తుడుచుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

ఇంజన్ నంబరు మాత్రం ఎప్పుడూ చూడలేదు. మా వైపు షెడ్లలో ఎవడూ చూడడు. మిరపకాయల టిక్కీ బస్తాలు కుక్కి గుంటూరు యార్డుకి తోలే బండ్లు ఇవి. ఇంజన్ బిగుసుకుని పట్టేస్తే ఇంకో బండిది తెచ్చి దించేస్తారు. "చాసిస్సే బండి ఆపా. ఇంజన్‌దేముంది, చొక్కా మార్చినట్టు మారుస్తూనే ఉంటాం" అనేవాడు అష్రఫ్. వాడికి పని నేర్పినవాళ్ళూ అదే చెప్పారు.

మొన్న మిరప కోతలప్పుడు శ్రీకృష్ణ గారు వాళ్ళ నాన్నగారి అంబాసిడర్‌ని లారీ మీద వేసుకొచ్చారు. మాకు ఆ బండి కొత్తేం కాదు. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ మా షెడ్డుకే వచ్చేది. దాని చాసిస్ ఎప్పుడో రుద్ది, మాది కాదని తేల్చుకున్నాం. పెద్దాయన పోయాక కొడుక్కి ఇప్పుడు పాతకార్ల పిచ్చి పట్టింది.

"కొత్త సామాను ఒక్కటి కూడా వెయ్యొద్దు అష్రఫ్. కంపెనీలోంచి ఏ నంబర్లతో వచ్చిందో అవే ఉండాలి. గేర్‌బాక్సు, డైనమో, ఇంజన్, అన్నీ చూడు" అన్నారు శ్రీకృష్ణ గారు.

అష్రఫ్ నవ్వాడు. "ఇంజన్ నంబరు కూడానా అండీ?"

"అదే ముఖ్యమయ్యా. అది కలవకపోతే పాతకార్ల ప్రదర్శనలో గేటు దగ్గరే ఆపేస్తారు."

అష్రఫ్ కిరసనాయిలు గుడ్డతో ఇంజన్ పక్కన పేరుకున్న జిడ్డు తుడిచాడు. గరుకు కాగితంతో గీకి, ఒక్కో అంకె పైకి చదివాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని పక్కనే ఉన్నాను.

"మూడు... ఏడు... సున్నా... నాలుగు..."

"ఒకటి, ఆరు, తొమ్మిది" అన్నాను.

నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఒంగోలు నుంచి గుంటూరు దాకా తిరిగిన ప్రతి పోలీసు స్టేషన్లో అప్పజెప్పిన మా బండి ఇంజన్ అంకెలు అవి. అష్రఫ్ తల ఎత్తలేదు. మిగిలిన మూడు అంకెలూ వేలితో తడిమి చూసుకుని "అవే ఆపా" అన్నాడు.

శ్రీకృష్ణ గారు చేతిలో ఉన్న కంపెనీ నంబర్ల కాగితం చూసుకుంటున్నారు. "ఇది మా బండిది కాదన్నమాట. మీ షెడ్డుకి రాకముందే మాది పట్టేస్తే మా నాన్న చీరాల బుడే మేస్త్రి చేత మార్పించాడులే. ఛ! దీన్ని తీసి అవతల పడేయ్" అన్నారు.

పాపం, ఆయనకేం తెలుసు! అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. "పడేయడానికి అదేమన్నా చెత్తా?" అని అరిచాను. అష్రఫ్ సంగతి చెప్పాక ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పారిపోయినవాడు బండిని తోలుకుంటాడు, లేదా అమ్ముకుంటాడు. ముక్కలు చేసి ఇంజన్ ఒక చోట, ఒళ్ళు ఒక చోట అమ్మారంటే అది మాలిక్ పని కాదు. మాలిక్‌ని చంపినవాళ్ళ పని. "ఆపా, బావ ఇంక..." అని అష్రఫ్ ఏదో అనబోయాడు.

"నోర్ముయ్! ఈ బండి బానెట్ ఎన్నిసార్లు ఎత్తావురా నువ్వు? ఆయిల్ మార్చావు, ప్లగ్గులు మార్చావు. నీ చేతికి జానెడు దూరంలో ఉందిరా నంబరు!"

"చాసిస్ చూశాం కదా ఆపా... చాసిస్ చూశాం కదా..." అంటూ వాడు తల బాదుకున్నాడు. వాడి మీద జాలి కూడా కలగలేదు నాకు.

ఆ బుడే మేస్త్రి మాకు తెలియనివాడు కాదు. ఇంజన్ బోరు పనికి అష్రఫ్ అతన్నే పిలిచేవాడు. వచ్చినప్పుడల్లా నా చేతి టీ తాగేవాడు. "అల్లం దండిగా వెయ్యి చెల్లెమ్మా" అని నవ్వేవాడు. బజారంతా మాలిక్ కబురేమైనా తెలిసిందా అని అడిగేది గానీ, అతను ఒక్కనాడూ అడగలేదు. అడిగి నన్ను బాధపెట్టడం ఎందుకని ఊరుకుంటున్నాడనుకుని, మర్యాద తెలిసిన మనిషని మెచ్చుకున్నాను. పోయినేడు వానల్లో జ్వరమొచ్చి చనిపోయాడు.

అయినా చీరాల వెళ్ళాం. ఆ ఇంజన్ ఎవరు అమ్మారో ఇంట్లో చెప్పి ఉంటాడని నా ఆశ. చంపినవాళ్ళకి శిక్ష పడాలని కూడా కాదు. మాలిక్‌ని ఎక్కడ పూడ్చారో, ఏ కాలవలో పడేశారో తెలిస్తే చాలు. వెళ్ళి అక్కడ కూర్చుని ఏడుస్తాను. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

బుడే భార్య మమ్మల్ని చాప వేసి కూర్చోబెట్టింది. అష్రఫ్ మాలిక్ పేరెత్తకుండా మెల్లగా ఇంజన్ సంగతి మాత్రం ఎత్తాడు.

"నాకేం తెలుసు నాయనా, పని సంగతులు ఇంట్లో చెప్పే మనిషా ఆయన!" అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నువ్వేనా తల్లీ జహీరున్నీసావి?"

"అవును. నా పేరు నీకెలా తెలుసు?"

"మీ షెడ్డుకి వచ్చిన రోజు ఆయన ఇంట్లో ముద్ద ముట్టేవాడు కాదమ్మా. ఏమైందంటే కసిరేవాడు. ఇంక పోతాడనగా ఒకటే గొడవ. జహీరున్నీసాను పిలిపించు, ఆమెతో ఒక మాట చెప్పాలి అని. జ్వరంలో పలవరిస్తున్నాడనుకుని ఊరుకున్నాను."

అతనికి తెలుసు. ఎవరు అమ్మారో, ఎందుకు అమ్మారో, అన్నీ తెలిసే నా ఎదురుగా కూర్చుని టీ తాగాడు. చివరికి చెప్పాలనుకున్నప్పుడు నేను అక్కడ లేను. యా అల్లా, ఇంత అన్యాయమా!

నేను ముందుకు పడి ఆ ముసలామె రెండు కాళ్ళూ పట్టుకున్నాను. "ఎక్కడ పూడ్చారో అన్నాడా అమ్మా? ఏ ఊరో, ఏ చేనో, ఒక్క మాటైనా అన్నాడా? బాగా గుర్తు తెచ్చుకో!"

ఆమె బెదిరిపోయి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఎవర్నమ్మా?" అంది.