సముద్రం ఎడమ చేతికి

సైటులో నన్నందరూ మైకు అంటారు. నా గొంతు అలాంటిది మరి. నేను ఇంట్లో రహస్యం చెబితే పక్కవాటా వాళ్లు "అలాగా, ఎప్పుడూ?" అని అడుగుతారని మా ఆవిడ దెప్పుతుంది. దెప్పితే దెప్పనీ. మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ గొంతుతోనే.

టవర్ క్రేను కింద నిలబడి, పైన క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి వాకీటాకీలో దారి చెప్పడం నా పని. పైవాడికి బరువు కనపడుతున్నంతసేపూ నేను ఉన్నా లేకపోయినా ఒకటే. గోడ అవతల దించాల్సి వచ్చినప్పుడు మాత్రం అతనికి ఏమీ కనపడదు, నా కళ్లే అతని కళ్లు. దానికో పద్ధతి ఉంది. బరువు కదులుతున్నంతసేపూ నేను ఆపకుండా మాట్లాడుతూనే ఉండాలి. "దించు, దించు, దించు, మెల్లగా, దించు..." నా మాట ఆగిందంటే పైవాడి చెయ్యి ఆగాలి. ఎందుకు ఆగింది, ఏమైంది అని ఆలోచించడాలు లేవు. మధ్యలో ఇంకెవడు అరిచినా వినడాలు లేవు.

ఆ పైవాడు మా బావ, మా ఆవిడకు సొంత అన్నయ్య. పని నేర్చుకున్న రోజుల నుంచీ ఆయన పైన, నేను కింద. ఒకరినొకరు తిట్టుకోకుండా ఒక్క రోజు కూడా గడిచింది లేదు. అంత అన్యోన్యంగా ఉండేవాళ్లం.

ఆ రోజు లిఫ్టు గోడ వెనక ఇనుప కడ్డీల కట్ట దించుతున్నాం. ఉన్నట్టుండి గాలి లేచింది, కట్ట ఊగింది. నేను వెనక్కి అడుగు వేశాను. మడమ చెక్కల్లో ఇరుక్కుని వెల్లకిలా పడ్డాను, వాకీటాకీ ఎగిరి ఎటో పోయింది. పక్కనున్న మేస్త్రీ కంగారులో తన వాకీటాకీ తీసి "దించెయ్, దించెయ్!" అని కేకలు పెట్టాడు. మా బావకు నేను కనపడను. వినపడుతున్నది నా గొంతు కాదు. టక్కున ఆపేశాడు. కట్ట నా గుండెకు జానెడు ఎత్తులో ఆగింది. ఊగుతున్న కొస మాత్రం వచ్చి కాలికి తగిలి, ఎముక విరిగింది.

అదీ జరిగింది. బతికుంటే బలుసాకైనా తినొచ్చు, కాలుదేముంది? నేనలా అనుకున్నాను. మా బావ అనుకోలేదు. 'నా చేతిలోని బరువే నా చెల్లెలి మొగుడి కాలు విరిచింది' అన్న మాట పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. ఆసుపత్రికి వచ్చి మంచం దగ్గర నిలబడి, "బావగారూ, ఎలా ఉన్నారు?" అన్నాడు. నాకు కాలి నొప్పికంటే ఆ 'గారు' ఎక్కువ నొప్పి పెట్టింది. అంతకు ముందు రోజు వరకూ నన్ను "ఒరే లొడలొడా" అన్న మనిషి!

తర్వాత తెలిసింది, క్రేను ఎక్కడం మానేశాడని. నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కి, చేతులు వణికి, దిగిపోయాడట. స్టోర్‌రూములో కూర్చోబెట్టారు. హెల్మెట్లూ చేతి తొడుగులూ పంచుతున్నాడు. నెలాఖరులోగా ఎక్కి ఒక బరువు దించి చూపిస్తే సరి, లేకపోతే కొత్త ఆపరేటర్‌ని తెచ్చుకుంటామని సేఫ్టీ ఆఫీసర్ చెప్పేశాడు. నా ప్రాణం నిలబెట్టిన మనిషి చేతి తొడుగులు పంచుకుంటూ బతకడమేమిటి? నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్నిసార్లు ఫోన్ చేసి "నువ్వు ఆపావు కాబట్టే బతికాను" అన్నా, "మీ మంచితనం బావగారూ" అని పెట్టేసేవాడు.

మా అమ్మాయి బిల్డింగ్ ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తుంది. ఇంట్లో కూడా గీయడానికి పెద్ద కంప్యూటరూ, రెండు తెరలూ కొనుక్కుంది. పని అయ్యాక అందులోనే విమానాలు నడుపుతుంది, అదో పిచ్చి. కుర్చీకి బిగించిన ఒక కర్ర, ఎడమ పక్కన ఒక పిడి, కాళ్ల కింద రెండు పెడళ్లు. అవి చూడగానే నాకు క్రేను క్యాబిన్ గుర్తొచ్చింది.

"మావయ్యని ఇందులో కూర్చోబెడదామే," అన్నాను.

"ఏ విమానం ఇద్దాం నాన్నా?"

"దానంతటది పోయేది వద్దు. చేత్తో నడిపేది కావాలి."

స్పిట్‌ఫైర్ అని రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానం తీసింది. ఒక్క మనిషి పట్టే సీటు. బ్రిటన్ దక్షిణాన తెల్లటి సున్నపు కొండల దగ్గర నిలబెట్టింది. "తీరం పట్టుకుని దీవి చుట్టూ తిరిగి రావాలి. దారి తప్పేదే లేదు. సముద్రం ఎడమ చేతికి, నేల కుడి చేతికి. అంతే," అంది. రెండో తెర మీద అదే విమానం వెనక నుంచి కనపడేలా పెట్టి, ఆ తెరను పక్క కుర్చీ వైపు తిప్పింది.

మా ఆవిడ తన అన్నయ్యకు ఫోన్ చేసి, "ఈయన కాలు కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చుని నా బుర్ర తింటున్నారన్నయ్యా, సాయంత్రాలు కాసేపు వచ్చి కూర్చో," అంది. అబద్ధమేమీ చెప్పలేదు, నిజంగానే తింటున్నాను. వచ్చాడు. కుర్చీ అంచున, అత్తారింటికి మొదటిసారి వచ్చినవాడిలా కూర్చున్నాడు. నేనే కర్ర పట్టుకుని విమానం లేపాను. లేపడమేమిటి, ఈడ్చాను. అది కుడికి తిరిగి కంచెలోకి పోయింది. మళ్లీ లేపాను, గడ్డిలో బోర్లా పడింది. మూడోసారి లేచింది గానీ, పాపం, తాగినవాడిలా తూలుతూ లేచింది.

మా బావ వేళ్లు మోకాలి మీద కదలడం ఓరకంట చూశాను. కాసేపు ఓర్చుకున్నాడు. ఇక చేతకాలేదు.

"అది లివరా, రోకలా? అలా కుమ్మేస్తారేంటి! లేవండి," అన్నాడు.

లేచాను. కూర్చున్నాడు. కర్రను రెండు వేళ్లతో పట్టుకున్నాడు, అంతే. తూలుతున్న విమానం బుద్ధిగా సర్దుకుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో నేను అడగలేదు.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం కొంత తీరం. నేను పక్కన కుర్చీలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని. మా బావ మొదట్లో అలలకు తగిలేంత కిందుగా పోయేవాడు. ఎత్తుకు పొమ్మంటే వినేవాడు కాదు. చేపలు పడుతున్నావా బావా అన్నా అంతే. అయినా ఓడరేవులు దాటాం, పడమటి కొసన రాళ్లు దాటాం, మలుపు తిరిగి వేల్స్ తీరం చేరాం.

దింపడం దగ్గర వచ్చింది చిక్కు. ఆ విమానానికి ముక్కు ఇంత పొడుగు. నేలకు దిగేటప్పుడు ముక్కు పైకి లేచి, ముందున్న రన్‌వే మొత్తం దాని వెనక దాక్కుంటుంది. మొదటిసారి అలా కాగానే మా బావ కుర్చీలోంచి లేచి మెడ సాచి చూశాడు.

"కనపడట్లేదు బావగారూ. ఏమీ కనపడట్లేదు."

అప్పుడు నాకు బోధపడింది. ఈయన భయం ఎత్తంటే కాదు. కింద ఏముందో కనపడకుండా దించడమంటే.

"నాకు కనపడుతోంది కదా," అన్నాను రెండో తెర చూస్తూ. "కొంచెం ఎడమ. ఎడమ. చాలు. దించు, దించు, మెల్లగా, దించు..."

వాకీటాకీ లేకుండానే అందుకున్నాం. అలవాటు ఎక్కడికి పోతుంది? ఎగిరి ఎగిరి పడుతూ దిగింది గానీ, దిగింది. తర్వాత రోజు ఇంకాస్త మెత్తగా దిగింది. నేను మీసం దువ్వుకున్నాను.

మూడో రోజు అలాగే దింపుతున్నాం. సముద్రం ఒడ్డున రన్‌వే. "దించు, దించు" అంటున్నాను. మా ఆవిడ టీ తెచ్చి చేతిలో పెట్టింది. ఒక్క గుక్క తాగాను. అంతే. మా బావ రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. విమానం ఒక పక్కకు ఒరిగి, బుడుంగున నీళ్లలో పడింది.

మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. "చేతులెందుకు తీసేశావు మావయ్యా?"

"మీ నాన్న మాట్లాడటం ఆపేశారు కదమ్మా."

"ఆపితే? విమానం క్రేను కాదు మావయ్యా, ఆగితే పడిపోతుంది!"

నేనూ నవ్వాను. మా బావ నవ్వలేదు. "ఆపాను. పడిపోయింది," అన్నాడు తనలో తను. టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నెలాఖరు చూస్తే దగ్గరికొచ్చేసింది. మంచి చేయబోతే చెడు ఎదురైందని మా ఆవిడ నన్నూ టీనీ కలిపి తిట్టింది.

ఇక నాకు కోపం ఆగలేదు. చంక కర్రలు తీసుకుని బయల్దేరాను. మా బావ ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఒక్కో మెట్టుకూ ఒక తిట్టు చొప్పున తిడుతూ ఎక్కాను. ఆ చప్పుడుకు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. చివరకు మా బావ తలుపు కూడా తెరుచుకుంది. పరిగెత్తుకుంటూ దిగి వచ్చాడు.

"మీరెందుకు ఎక్కారు? ఈ కాలుతో!"

"నువ్వు ఎక్కట్లేదు కదా, అందుకని నేనెక్కాను."

మెట్ల మీదే కూలబడ్డాం ఇద్దరం. నా కాలి కట్టు సర్దుతూ అన్నాడు, "చూశారుగా, నేను ఆపితే ఏమైందో. ఆ రోజూ ఆపాను. ఆపినా మీకు తగిలింది. ఇంకోసారి తగలదని ఏంటి నమ్మకం?"

"ఆ రోజు నువ్వు ఆపకపోతే నేను ఫోటోలో ఉండేవాణ్ణి బావా."

"ఊరుకోండి. ఓదార్చడానికి అంటారు."

"సరే, నమ్మకు. నీ ఖర్మ. కానీ ఆ విమానం సగం దారిలో నీళ్లలో పడుంది. పని మధ్యలో వదిలేసే బుద్ధి నీకెప్పట్నించీ వచ్చింది?"

పని మధ్యలో వదిలేశాడన్న మాట ఆయన జన్మలో పడలేదు. నన్ను పట్టుకుని మెల్లగా మెట్లు దింపి, నాతో పాటే మా ఇంటికి వచ్చాడు.

ఈసారి టీ లేదు. మా ఆవిడ ఆ గదిలోకి గ్లాసు రానివ్వలేదు. ఉత్తరానికి పోయేకొద్దీ స్కాట్లాండ్ కొండలు అడ్డొచ్చాయి. కిందుగా పోతే గుద్దుకుంటాం. పక్కకు పోదామా అని చూశాడు, మేఘాలు. "పైకి బావా, పైకి," అన్నాను. కళ్లు చికిలించి కర్ర వెనక్కి లాగాడు. విమానం లేచింది, ఇంకా లేచింది. మేఘాల పైన ఎండ. కింద ఎక్కడో సరస్సు మెరిసింది. "బాగుంది," అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను రెండు కాళ్లూ విరగ్గొట్టుకునేవాణ్ణే.

ఉత్తరపు కొస చుట్టి, తూర్పు తీరం వెంట దిగి వచ్చాం. నెలాఖరుకు ఒక్క రోజు ముందు సాయంత్రం తెల్ల కొండలు మళ్లీ కనపడ్డాయి. ముక్కు లేచింది, రన్‌వే దాక్కుంది. నేను ఊపిరి తీయకుండా చెప్పాను. ఆయన చెయ్యి విన్నది. చక్రాలు నేలకు తగిలిన సంగతి కూడా తెలియలేదు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా బావ కర్రను ఒకసారి నిమిరి, "రేపు సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పండి, ఎక్కుతానని," అన్నాడు.

మర్నాడు కట్టు కాలితోనే, చంక కర్రలు వదిలి చేతికర్రతో సైటుకు పోయాను. సేఫ్టీ ఆఫీసర్‌ని బతిమాలాను, సిగ్నల్ నేనే ఇస్తానని. బరువు దిగే చోటికి దూరంగా, గోడ పక్కన కుర్చీ వేశారు. కూర్చోలేదు. మా బావ నిచ్చెన పట్టుకున్నాడు. నాలుగు మెట్లు. అక్కడ ఆగాడు. స్టోర్‌రూము వాళ్లు, మేస్త్రీ, అందరూ మెడలెత్తి చూస్తున్నారు. నేను వాకీటాకీ నొక్కాను.

"సముద్రం ఎడమ చేతికి బావా."

పైనుంచి చిన్న నవ్వు వినపడింది. ఐదో మెట్టు ఎక్కాడు. ఆ తర్వాత క్యాబిన్ చేరేదాకా ఆగలేదు.

అదే లిఫ్టు గోడ వెనక, అలాంటిదే కడ్డీల కట్ట. కొక్కెం లేచింది, తిరిగింది, గోడ దాటింది. ఇక ఆయనకు కనపడదు. "దించు, దించు, మెల్లగా, దించు..." కట్ట ఆకాశంలోంచి నా కళ్లముందుకు వస్తోంది. ఆ రోజు కింద పడుకుని చూశాను దాన్ని. ఈరోజు నిలబడి చూస్తున్నాను. నా కాళ్ల మీద నేను నిలబడి. ఆ సంగతి అప్పుడే తట్టింది. నోరు తెరిచాను, మాట రాలేదు. ఈ మైకు మూగబోయింది.

కట్ట టక్కున ఆగింది.

సేఫ్టీ ఆఫీసర్ తన వాకీటాకీలో, "ఏమైంది? దించండి, దించండి," అన్నాడు. కట్ట కదల్లేదు. మేస్త్రీ చెయ్యి ఊపాడు. కదల్లేదు. గాలికి కొస కొంచెం ఊగి, అదీ నిలిచిపోయింది.

"మైకూ?" పైనుంచి మా బావ గొంతు. "ఒరే మైకూ, మాట్లాడరా! ఏమైంది?"

"ఏం కాలేదు బావా," అన్నాను ఎలాగో. "ఏడుపొచ్చింది. నీ చెయ్యి ఆగింది, చూసుకో."

వాకీటాకీ గరగరలాడింది.

"ఆగింది," అన్నాడు. మళ్లీ తనే, "ఆ రోజూ ఇలాగేనా?"

"ఇలాగే. కాకపోతే ఇంకా కిందికొచ్చాక ఆగింది. నా గుండె మీద జానెడు మిగిలింది. ఆ జానెడు నువ్విచ్చిందే బావా. రోజూ పొద్దున్న లేచి మీ చెల్లెలి మొహం చూస్తున్నానంటే ఆ జానెడు పుణ్యమే. నీ రుణం నేను తీర్చుకోలేను."

సైటులో ప్రతి వాకీటాకీలోనూ ఆ మాట వినపడిందట. వినపడనీ.

పైన ముక్కు చీదిన చప్పుడైంది. "సరేలే, ఏడుపులు తర్వాత. నోరు తెరువు లొడలొడా. బరువు గాల్లో ఉంది."

"దించు," అన్నాను. "దించు, దించు, మెల్లగా, దించు..."

కట్ట నేలకు ఆనేదాకా నేను మళ్లీ ఆగలేదు.