కనక అడిగింది

రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి నెలలు నిండిన ఆడవాళ్లను ముందే తెచ్చి ఉంచే వసతిగృహం అది. ఆసుపత్రికి ఎదురుగా, రేకుల కప్పు కింద పొడవాటి ఒకే గది. డిసెంబరు మొదట్లో ఆశా కార్యకర్త కనకను జీపులో తీసుకొచ్చి, కిటికీ పక్క మంచం చూపించి వెళ్లిపోయింది. భర్త ధర్మ చింతపల్లి వైపు కాఫీ పళ్ల కోతకు వెళ్లాడు. అత్త రానంది.

"కొండదేవతనొగ్గేసి ఏసయ్య కాడికి పోనారు. అందుకే నీకు బిడ్డలు నిలవడం నేదు" అని ఆమె ఎన్నోసార్లు అంది.

కనకకు ఇది మూడో కాన్పు. మొదటి బిడ్డ డోలీలోనే, వాగు దాటుతుండగా పుట్టి, వెంటనే చనిపోయింది. రెండోవాడు వారం బతికాడు. రెండుసార్లూ పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. రెండుసార్లూ కనక తల వంచుకుని "నీ చిత్తం ప్రభువా" అంది. ఎంత విశ్వాసమో అన్నారు సంఘంలో వాళ్లు. కానీ రెండోసారి ఆ మాట అన్నాక ఆమె మళ్లీ దేవుడితో మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో అందరితో పాటు కూర్చునేది, పాటకు చప్పట్లు కొట్టేది. లోపల మాత్రం ఏమీ ఉండేది కాదు.

వసతిగృహంలో మిగతా మంచాల దగ్గర తల్లులో, ఆడపడుచులో ఉండేవారు. పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు మడతపెట్టుకుంటూ నవ్వుకునేవారు. కనక మంచం దగ్గరికి వంటమనిషి రత్నాలు ఒక్కతే వచ్చేది, అదీ కంచం పెట్టడానికి.

"ఏటే గుంటా, బిడ్డకి గుడ్డలేటీ తెచ్చుకోనేదా?"

"నేదు పిన్నీ."

"మరి పుట్టినాక ఏటి సుడతావు?"

కనక కిటికీ వైపు తిరిగింది. పుడితే కదా, అనుకుంది.

సంత రోజున పొద్దున్నే గది ఖాళీ అయింది. కూరగాయల కోసం రత్నాలు కూడా వెళ్లింది. బయట మంచు ఇంకా విడలేదు. గంజి తాగి పక్కకు తిరిగి పడుకున్నాక కనకకు తెలిసింది, లేచినప్పటి నుంచి కడుపులో కదలిక లేదు. చేత్తో నొక్కి చూసింది. రెండో పక్కకు తిరిగింది. ఏమీ లేదు.

మొదట భయం కూడా కలగలేదు. అనుకున్నదే అయింది, అంతే. దుప్పటి తల మీదకు లాక్కుంది. ఎవరికి చెప్పి ఏం లాభం? "నీ చిత్తం" అన్న మాట దానంతట అదే నోటిదాకా వచ్చింది. దాన్ని బయటికి రానివ్వలేకపోయింది.

"అననయ్యా" అంది పైకే. "ఈపాలి ఆ మాట అనను. ఆలిద్దర్నీ నువ్వే తీసుకున్నావో, ఏటయిందో నాకు తెలవదు. ఈ బిడ్డ నాకు కావాల. ఇనపడతందా? నాకు కావాల."

రేకుల అంచు నుంచి నీటిబొట్లు పడుతున్నాయి. అంత గట్టిగా అడిగాక ఇంక పడుకుని ఉండలేకపోయింది. లేచి, కడుపు పట్టుకుని, చెప్పులు లేకుండానే ఆవరణ దాటి ఆసుపత్రికి నడిచింది.

నర్సు ఉమామహేశ్వరి ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కడుపు మీద మిషను పెట్టింది. చాలాసేపు వెతికింది. చివరికి గుండె చప్పుడు దొరికింది.

"ఉంది. కానీ బాగా నెమ్మదిగా ఉంది. బేగి పెద్దాసుపత్రికి వెళ్లాలి" అంటూ అంబులెన్సుకు ఫోన్ చేసింది. "వచ్చి చెప్పావు, మంచి పని చేశావమ్మా."

ఘాట్ మలుపుల్లో కనక కళ్లు మూసుకునే ఉంది. "కావాల, కావాల" అని గొణుగుతూనే ఉంది. మంచినీళ్లు అడుగుతోందనుకుంది వెంట వచ్చిన నర్సు.

ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, గుప్పెడంత. గాజుపెట్టెలో పెట్టారు. కొన్నాళ్లు గడిస్తే గాని చెప్పలేమన్నాడు డాక్టరు. కనక పక్కన ఎవరూ లేరు. మర్నాడు ఆసుపత్రి ఆయా దగ్గర ఫోన్ అడిగి తీసుకుని ధర్మకు చేసింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. మధ్యాహ్నానికి కలిసింది.

"గుంట పుట్టింది."

"ఉందా?" అన్నాడు ధర్మ.

"ఉంది."

"మల్లీ ఆశలెట్టుకుంటే తట్టుకోనేమే కనకా."

"నానెట్టుకున్నాను. నువ్వూ ఎట్టుకో. బేగి రా."

అతను మర్నాటి సాయంత్రానికి వచ్చాడు. బిడ్డ తల్లి దగ్గర పాలు తాగడానికి ఇంకో వారం పైనే పట్టింది. ఈలోగా కనక గాజుపెట్టె ముందు కూర్చుని చాలాసార్లు ఏడ్చింది. అయినా రోజూ తెల్లారగానే మొగుడికి కూడా వినపడకుండా అనేది, "ఇయ్యాల్టికి ఉంచినావు. రేపటికీ అడగతాను."